చాబీ తీసినా తిరిగిన ఫ్యాన్

అమీర్‌పేటలో ఏ సందులోకి తిరిగినా తలెత్తితే కోర్సుల బోర్డులే. ఈ మధ్య వాటిలో బండ్ల సెన్సర్ల కోర్సు కూడా ఒకటి చేరింది. దాన్ని నడిపే ఆయన నాకు మధురానగర్‌లో తెలిసినవాడు. ఒకసారి వచ్చి పిల్లలతో మాట్లాడమంటే వెళ్లాను. ఏ స్కానర్ కొనాలని అడిగారు. ఎక్కడ ఉద్యోగం దొరుకుతుందని అడిగారు. ఈ పనిలో మనుషులకు దెబ్బలు తగులుతాయా అని ఎవరూ అడగలేదు. నాకూ ఆ గదిలో, ఆ ఏసీలో, ఆ మాట ఎత్తాలనిపించలేదు. ఇంటికొచ్చాక ఎత్తి ఉండాల్సిందనిపించింది. అందుకని రాస్తున్నాను.

నేను డీజిల్ బండ్లలో కరెంటు పని చేసి రిటైరయ్యాను. డైరీ రాయడం చదువుకునే రోజుల నుంచి అలవాటు. నా డైరీల నిండా బండి నంబర్లు, ఫిర్యాదులు, దొరికిన కారణాలు. అవి చదివితే పని వస్తుందని ఎవరైనా అనుకుంటే రాదు. ఇక్కడ చెప్పబోయే రోజు పేజీలో "సలీం కుడిచెయ్యి" అని మాత్రమే ఉంది. మిగతాది రాయకపోయినా గుర్తుంది.

సెన్సర్ సంగతి

ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు తిరిగే దారిలో బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటి బిగించి ఉంటుంది. నీళ్లు ఎంత వేడెక్కాయో అది వైరు ద్వారా ఒక పెట్టెకు చెబుతుంది. ఆ పెట్టె ఫ్యాన్‌ను తిప్పుతుంది. చెప్పుకుంటే ఇంతే. ఫ్యాన్ సరిగ్గా తిరగకపోతే అందరూ ముందు ఆ ఇత్తడి ముక్కనే మారుస్తారు. నా అనుభవంలో సగానికి పైగా సార్లు సెన్సర్ బాగానే ఉంటుంది, వైరు చెడిపోయి ఉంటుంది. వైరు కొత్తగా కొని బిగించే వస్తువు కాదు గనక దాని జోలికి ఎవరూ పోరు.

ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. సెన్సర్ వైరు తెగితే ఫ్యాన్ ఆగిపోతుందనుకుంటారు. చాలా బండ్లలో జరిగేది దానికి ఉల్టా. వేడి ఎంతో తెలియనప్పుడు ఇంజిన్ కాలిపోకుండా ఉంటే చాలని, ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పేలా ఆ పెట్టెను తయారుచేస్తారు. ఇంజిన్‌కు అది క్షేమం. ఆ సమయంలో ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టినవాడి గురించి ఎవరూ ఆలోచించలేదు.

మా ఓనరు గారి పద్ధతి

మా షెడ్డు పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండేది. ఓనరు సత్యనారాయణ గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఒక్క పానా సెట్టుతో మొదలుపెట్టిన మనిషి. పనివాళ్లను తిట్టడం ఉండేది కాదు. పండగకు బట్టలు పెట్టేవారు. ఆయన చెడ్డవాడని నేను ఎక్కడా చెప్పను. చెబితే మీరు పాఠం తప్పుగా నేర్చుకుంటారు.

ఆయనకు ఒక్క నియమం ఉండేది. డ్రైవర్లు మెకానిక్కులతో మాట్లాడకూడదు. మాట్లాడితే పని బయటే మాట్లాడుకుని బయటే చేసేసుకుంటారని ఆయన భయం. అందుకని బండి గేటులోకి రాగానే డ్రైవరు ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్లిపోవాలి. ఫిర్యాదు ఆయన అద్దాల గదిలో ఆయనే వినేవారు. విన్నదాంట్లో తనకు ముఖ్యమనిపించింది మాకు చెప్పేవారు. మిగతాది ఆ గదిలోనే ఉండిపోయేది. సగం ఫిర్యాదు చేతిలో పెట్టుకుని పూర్తి రిపేరు చేసేవాళ్లం. ఊళ్లో చాలా షెడ్లలో పద్ధతి ఇదే. ఇప్పుడు కంప్యూటర్లో రాసుకుంటున్నారు, తేడా అంతే.

ఇంకో అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దాని పేరు "డైరెక్ట్". ఏ స్విచ్చు చెడిపోయినా, ఏ రిలే మొరాయించినా, మధ్యలో ఉన్నవన్నీ వదిలేసి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగేస్తారు. "డైరెక్ట్ కొట్టిన, ఇగ ఫికర్ లేదు" అంటారు. బండి నడుస్తుంది. కస్టమరు సంతోషంగా వెళ్లిపోతాడు. ఆ వైరు మాత్రం ఎవరికీ తెలియకుండా బండిలో ఉండిపోతుంది. తర్వాత ఆ బండి మీద పనిచేసేవాడికి అది ఉన్నట్టు ఎవరూ చెప్పరు.

హీరోయిన్ పడుకుంటే

ఆ వేసవిలో ఒక సినిమా కంపెనీ కారవాన్ వచ్చింది. షూటింగుల్లో నటీనటులు విశ్రాంతి తీసుకునే బండి. పెద్ద డీజిల్ బస్సు, వెనక ఇంజిన్. లోపల అద్దం, సోఫా, బాత్రూం, చివర ఒక మంచం. బాడీ కట్టినవాళ్లు చోటు కోసం మంచాన్ని సరిగ్గా ఇంజిన్ మీదే కట్టారు. మంచం పలక ఎత్తితే కింద సెన్సర్, వైర్లు. రేడియేటర్, దాని ఫ్యాన్ మాత్రం బయట వెనకవైపు, జాలీ లోపల. అంటే లోపల ఉన్నవాడికి బయటివాడు కనిపించడు. బయట ఉన్నవాడికి లోపలివాడు కనిపించడు.

ఇంజిన్ నడుపుతూ ఏసీ వేసుకుని బండి నిలబెడితే ఉన్నట్టుండి ఎర్రలైటు వెలుగుతోంది, ఫ్యాన్ హోరున తిరుగుతోంది. చూస్తే నీళ్లు అంత వేడిగా ఉండవు. అప్పటికే రెండు షెడ్లలో సెన్సర్ మార్చారు. ఇక ఈసారి కూడా బాగుకాకపోతే డ్రైవరును మార్చేస్తామని కంపెనీవాళ్లు అన్నారట.

సత్యనారాయణ గారు అద్దాల గదిలోంచి నవ్వుతూ నా దగ్గరికి వచ్చారు.

"ఏమయ్యా భాస్కర్రావూ, ఈ డ్రైవరు యాదగిరి చెప్పేది విన్నావా? హీరోయిన్ పడుకోగానే లైటు వెలుగుతుందట. ఆవిడ పడుకుంటే ఇంజిన్‌కు చెమటలు పడుతున్నాయేమో!"

బస్సు వెనక జాలీ విప్పుతున్న సలీం తల బయటపెట్టాడు. "గట్లయితే నేనే పోయి పండుకుంట సార్. జర ఏసీ పెట్టుండ్రి."

"నువ్వు పడుకుంటే బండి కాదు, నా షెడ్డే ఆగిపోతుంది. పని చూడు."

అందరం నవ్వాం. సలీం ఆ మాట నిజంగా చేసి ఉంటే రిపేరు ఆ నిమిషంలోనే దొరికేది.

సలీం యూసుఫ్‌గూడ మనిషి. నాతో చాలా ఏళ్లు పనిచేశాడు. వాగుడు ఎక్కువ, చెయ్యి మాత్రం నిదానం. ఏ బండి దగ్గరకు వెళ్లినా ముందు చాబీ తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. "చాబీ నా దిల్ దగ్గరుంటది అన్నా, ఎవడు స్టార్ట్ చేస్తడు?" అనేవాడు.

ఆ మధ్యాహ్నం

పెట్టె ప్లగ్ పీకేసి, మంచం పలక ఎత్తి, సెన్సర్ విప్పి నీళ్లలో ముంచి వేడి చేసి చూశాను. బాగుంది. పెట్టె బాగుంది. అన్నీ మళ్లీ బిగించి పలక దించాను. ఇక మిగిలింది వైర్లే. ఫ్యాన్ వైపు నుంచి వైరు చూసుకుంటూ రమ్మని సలీంకు చెప్పి, మీటరుకు పొడుగు వైరు తేవడానికి షెడ్డు లోపలికి వెళ్లాను. వెళ్లేటప్పుడు సలీం డ్రైవరు సీటు వైపు నడవడం చూశాను. చాబీ తీయడం మాత్రం చూడలేదు.

అదే సమయానికి సినిమా కంపెనీ మేనేజరు వచ్చాడు. ఇంకా ఎంత ఆలస్యమని చిరాకు పడుతుంటే, మెత్తలూ పరుపులూ పాడవకుండా ఎలా దుప్పట్లు కప్పామో చూడండని సత్యనారాయణ గారు అతన్ని బస్సులోకి తీసుకెళ్లారు.

నాకు ముందు ఫ్యాన్ హోరు వినిపించింది. తర్వాత సలీం అరుపు.

పరిగెత్తి వెళ్లేసరికి ఫ్యాన్ ఆగిపోయి ఉంది. సత్యనారాయణ గారు, మేనేజరు బస్సు మెట్లు దిగుతున్నారు. సలీం నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో పొట్టకు అదిమి పట్టుకుని "అమ్మీ, అమ్మీ" అంటున్నాడు. చెయ్యి ఎలా ఉందో రాయను. రెండు వేళ్లు పోయాయి, మూడోది ఉండీ లేనట్టే. ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాం.

దారిలో సత్యనారాయణ గారి ఫోన్ వచ్చింది. "చాబీ ఆన్‌లో పెట్టుకుని ఫ్యాన్లో చెయ్యి పెట్టాడయ్యా. ఎంత చెప్పినా వీళ్లకు బుద్ధి రాదు." ఆయన కావాలని అబద్ధం ఆడలేదు. చాబీ ఆన్‌లో లేకుండా ఫ్యాన్ తిరగదని ఆయనకు తెలుసు. నాకూ అంతే తెలుసు. సాయంత్రానికి షెడ్డులో అందరూ అదే మాట చెప్పుకున్నారు. వీధిలోనూ అదే. పనివాడికి దెబ్బ తగిలితే మన దగ్గర విచారణ అంత తొందరగా ముగుస్తుంది.

జేబులో

ఆపరేషన్ గది బయట సలీం భార్య షాహీన్ ఉంది. నన్ను చూడగానే లేచింది.

"ఓనర్ సాబ్ ఫోన్ చేసిండు సార్. మీ ఆయనదే గల్తీ, చాబీ తియ్యలే అన్నడు. ఇంట్ల గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని లేసి లేసి చూస్తడు గీయన. నన్ను పండుకోనియ్యడు. గసుంటోడు చాబీ మర్చిపోతడా?"

ఆమె చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. కత్తిరించి తీసిన సలీం చొక్కా అందులో పెట్టి ఇచ్చారట. "గిది ఇచ్చిండ్రు. జేబుల ఏమో ఉంది. నాకు ముట్టబుద్ధి అయితలేదు," అంది. నేను తీసి చూశాను. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల, దానికి ఒక చాబీ. బిళ్ల మీద ఆ కారవాన్ నంబరు.

సలీం చాబీ తీశాడు. అది అతనితో పాటే ఆసుపత్రికి వచ్చేసింది. మరి ఫ్యాన్ ఎలా తిరిగింది? మేం చేరేసరికి ఎలా ఆగింది? ఆపింది సత్యనారాయణ గారని నేను అనుకున్నాను. నేనే ఆపి ఉంటానని ఆయన అనుకున్నారు. నిజానికి ఎవరూ ఆపలేదు.

మర్నాడు పొద్దున షెడ్డుకు వెళితే యాదగిరి టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. బోరబండలో ఉంటాడు. ఇంటి దగ్గరున్న రెండో చాబీ తెచ్చుకున్నాడు. రిపేరు అయినా కాకపోయినా బండి తెచ్చేయమని కంపెనీ పంపింది. నేను నియమం పక్కనపెట్టి వెళ్లి అతని పక్కన కూర్చున్నాను.

"ఆ బండిలో ఇంకేమైనా తేడా ఉందా యాదగిరీ?"

"సార్‌కు చెప్పిన గదన్నా. రెండు దినాలు ఆపి పెడితే బ్యాటరీ డౌన్ అయితుంది. సెల్ఫ్ ఎత్తుకోదు. కొత్త బ్యాటరీ ఏసినా సుత గట్లనే."

"మాకు ఆ మాట చెప్పలేదే!"

"మీతోని మాట్లాడనిస్తె గదా చెప్పేది! గీడ కూసోబెట్టి చాయ్ తాగమంటరు. నేను చాయ్ తాగనీకే వస్తున్ననా?"

బండి ఆపి ఉంచితే బ్యాటరీ దిగిపోతోందంటే, చాబీ తీసినా ఏదో ఒకటి కరెంటు తాగుతోందని అర్థం. గ్లాసు కింద పెట్టి నేరుగా బస్సులోకి వెళ్లాను.

మంచం మీద మేం కప్పిన తెల్ల దుప్పటి ఒకవైపు నలిగి ఉంది. ఇద్దరు పక్కపక్కన కూర్చున్న గుర్తు. దుప్పటి తీసి పలక ఎత్తాను. సెన్సర్ వైరు పలక అంచుకూ ఇనుప చట్రానికీ మధ్య నుంచి పోతోంది. సెన్సర్ మార్చడానికి పలక ఎత్తి దించిన ప్రతిసారీ నలిగి, పై తొడుగు చిట్లి, లోపలి రాగి తీగలు తెగి, ఒకటో రెండో మిగిలాయి. మంచం మీద బరువు పడితే ఆ తీగ విడిపోతుంది. లేస్తే కలుస్తుంది. హీరోయిన్ పడుకున్నప్పుడల్లా జరిగింది అదే. షెడ్డులో ఎవరూ పడుకోరు గనక రెండు షెడ్లవాళ్లకూ దొరకలేదు.

తర్వాత ఫ్యాన్ పెట్టెకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూశాను. చాబీ నుంచి రావాల్సిన వైరు కోసి చుట్టి పక్కన పెట్టేశారు. దాని బదులు బ్యాటరీ నుంచి నేరుగా ఒక వైరు. అతుకు మీద నీలం టేపు. మేం నీలం టేపు ఎప్పుడూ వాడలేదు. ఏదో షెడ్డులో ఎవరో డైరెక్ట్ కొట్టారు. ఏసీ లేకుండా ఆ బండిలో ఎవరూ పడుకోరు, ఏసీ ఉందంటే ఇంజిన్ నడుస్తున్నట్టే. అందుకని ఇంజిన్ ఆపినా ఆ ఫ్యాన్ తిరగగలదని ఎవరికీ తెలిసే అవకాశం రాలేదు. తెలిసింది సలీం చేతికి.

అందరి ముందు

బండి వెళ్లిపోతే ఈ సంగతి ఇక ఎవరూ నమ్మరు. పలక దించి, జాలీ బిగించి, బస్సు వెనక ఎవరూ లేకుండా చూసి, పనివాళ్లందరినీ పిలిచాను. సత్యనారాయణ గారు అద్దాల గది తలుపు తీసుకుని నిలబడ్డారు. ఆసుపత్రి నుంచి తెచ్చిన చాబీ ఒక చేత్తో, యాదగిరి చాబీ ఇంకో చేత్తో ఎత్తి చూపించాను. యాదగిరిని వెళ్లి మంచం మీద పడుకోమన్నాను.

"మేడం పరుపు మీద పండుకునుడు నా నసీబుల గిట్ల రాసుండెనా," అంటూ చెప్పులు విడిచి ఎక్కాడు.

ఫ్యాన్ హోరున తిరిగింది.

"లే యాదగిరీ!" అని అరిచాను. ఆగిపోయింది. మళ్లీ పడుకోమన్నాను. మళ్లీ తిరిగింది. చాబీలు రెండూ నా చేతుల్లోనే ఉన్నాయి. ఒక్కొక్కరే తిరిగి సత్యనారాయణ గారి వైపు చూశారు. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

నేనూ వెళ్లాను.

"నేను కూర్చోవడం వల్లే వాడి చెయ్యి పోయిందని ఊరంతా చెప్తావా?" అన్నారు.

"మీరు తెలిసి కూర్చోలేదు సార్. కానీ సలీం చాబీ తీశాడు. ఆ ఒక్క మాట వెళ్లి అతనితో చెప్పండి."

"ఆసుపత్రి ఖర్చంతా నేనే పెట్టుకుంటున్నాను కదా. ఇంకేంటి?"

"ఆ మాటే సార్."

ఆయన బల్ల మీది బిల్లు పుస్తకం మూశారు. "ఆ మేనేజరు కూడా నా పక్కనే కూర్చున్నాడు భాస్కర్రావూ. రేపు పోలీసులు అడిగితే ఆయన పేరు లాగాలా? వాళ్ల బండ్లన్నీ మన దగ్గరికే వస్తున్నాయి. వైరు సరిచేసి బండి పంపించెయ్యి."

డైరెక్ట్ వైరు కోసేశాను. ఫ్యాన్ పెట్టెను మళ్లీ చాబీకి కలిపాను. సెన్సర్‌కు కొత్త వైరు వేసి, పలకకు తగలకుండా పక్క గోడ వెంట తీసుకెళ్లాను. యాదగిరి బండి తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత దానికి ఆ జబ్బు రాలేదని చెప్పాడు. రిపేరు లెక్కన చూస్తే అది నేను చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లేసరికి సలీం మెలకువగా ఉన్నాడు. చేతికి పెద్ద కట్టు. నన్ను చూడగానే ముందు ఇదే అడిగాడు.

"అన్నా, జర సచ్ చెప్పు. చాబీ తీసిన్నా, మర్చిపోయిన్నా? తీసినట్టే యాదికొస్తుంది. అందరు గట్లంటుంటే నాకే డౌటొస్తుంది."

చాబీ తీసి అతని ఎడమచేతిలో పెట్టాను. "నీ జేబులోనే ఉంది."

పిడికిలి బిగించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత జరిగిందంతా చెప్పాను.

"సార్‌కు ఎరికేనా?"

"తెలుసు. తిప్పి చూపించాను."

"వచ్చి చెప్తడా?"

షాహీన్ నా వైపు చూసింది. మందులు తెస్తానని చీటీ తీసుకుని బయటికి నడిచాను.

చేయవలసింది

ఈ భాగం చిన్నది. చాబీని నమ్మకండి. ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ టెర్మినల్ విప్పి, గుడ్డ చుట్టి, పక్కకు కట్టేయండి. కారవాన్ లాంటి బండ్లలో లోపలి లైట్లకూ ఫ్రిజ్‌కూ ఇంకో బ్యాటరీ ఉంటుంది. దాన్నీ విప్పండి. మీరు బయట ఉన్నంతసేపు లోపలికి ఎవరినీ ఎక్కనివ్వకండి, ఓనరునైనా సరే. డ్రైవరుతో మీరే మాట్లాడండి. వద్దంటే టీ తాగడానికి వెళ్లండి. ఎవరో కొట్టిన డైరెక్ట్ వైరు కనిపిస్తే, మీ పని అది కాకపోయినా తీసేయండి.

బోర్డు

నెలల తర్వాత సలీం తిరిగి పనిలో చేరాడు. కుడిచేత్తో పానా పట్టుకోలేడు గనక సత్యనారాయణ గారు స్పేర్ పార్టుల కౌంటరులో కూర్చోబెట్టారు. మరో ఓనరైతే అది కూడా చేసేవాడు కాడు. ఇది నిజం, రాయాలి.

అతను చేరడానికి ముందే కౌంటరు ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలతో కొత్త బోర్డు వెలిసింది: "చాబీ తీసిన తర్వాతే ఇంజిన్‌లో చెయ్యి పెట్టవలెను."

దాన్ని తీయించమని అడిగాను.

"బోర్డులో తప్పేముందయ్యా? మంచి మాటేగా," అన్నారు సత్యనారాయణ గారు. అప్పుడు అడిగాను, తర్వాతా అడిగాను. ప్రతిసారీ అదే జవాబు. షెడ్డులో పనిచేసేవాళ్లకు నిజం తెలుసు. కొన్నేళ్లలో వాళ్లలో చాలామంది వేరే చోట్లకు వెళ్లిపోయారు. బోర్డు ఉండిపోయింది. కొత్తగా వచ్చిన కస్టమరు ముందు సలీం చెయ్యి చూస్తాడు. తర్వాత గోడ మీద బోర్డు చూస్తాడు. ఇక ఏమీ అడగడు.

నేను రిటైరైన రోజున షెడ్డులోనే చిన్న సన్మానం చేశారు. సత్యనారాయణ గారు శాలువా కప్పి, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. ఫోటో కోసం అందరినీ కౌంటరు ఎదుటి గోడ దగ్గర నిలబెట్టారు. సలీం నా పక్కన నిలబడ్డాడు. ఫోటో తీసేవాడు ఫోన్ పైకెత్తగానే, సలీం ఎడమచేత్తో నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, జర గిటు జరుగుదాం," అన్నాడు.

వెనక ఏముందో నేను తిరిగి చూడలేదు. ఇద్దరం జరిగాం. ఆ ఫోటో మా ఇంట్లో ఉంది. మధ్యలో అందరూ ఉంటారు, వాళ్ల తలల మీద బోర్డు ఉంటుంది. సన్మానం నాకే అయినా నేను ఒక చివరన ఉంటాను, సలీం నా పక్కన ఉంటాడు.